గొడ్రాలికి జోడుమాట ఏది?

మా పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి సంతానం కోసం వచ్చే దంపతులను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. తడిబట్టలతో ప్రదక్షిణాలు చేసేది భార్య. చెట్టునీడన చెప్పులకు కాపలా కాసేది భర్త! అసలు మన భాషలో ‘గొడ్రాలు’ అన్నమాట ఉన్నది గాని, దానికి జోడుగా మగవాడిని అనే మాట వాడుకలో వినపడదు. ఉన్న తిట్లన్నీ వేరే లోపానివి. సంసారానికి ఏ లోటూ లేని మగవాడికి కూడా పిల్లలు పుట్టకపోవచ్చును.

మా బంధువులలో మిరపకాయల వ్యాపారం చేసే కుర్రవాడొకడున్నాడు. పెళ్లయి ఏడేళ్లు. భార్యకు చేయించని పరీక్ష లేదు. రెండో సంబంధం మాట కూడా ఇంట్లో వినిపించింది. చివరకు గుంటూరులో ఒక డాక్టరమ్మగారు పట్టుబట్టి అతనికి పరీక్ష చేయిస్తే, వీర్యకణం ఒక్కటీ లేదు!

తండ్రినుంచి కొడుకుకు వచ్చేది ‘వై’ క్రోమోజోము. వీర్యకణాల తయారీకి కావలసిన భాగాలు అందులో ఉన్నవి. అవి ఊడిపోతే కణాలు తయారు కావు. హైదరాబాదు సి.సి.యం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, వీర్యకణాలు లేని 340 మందిలో 29 మందికి యీ లోపం కనిపించింది. కొందరికి ‘ఎక్స్’ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. మరికొందరికి వీర్యవాహికలే పుట్టుకతో ఉండవు. అటువంటప్పుడు భార్యకూ జన్యుపరీక్ష అవసరం. ఇద్దరిలోనూ ఒకే జన్యువు చెడితే బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చును.

ఒకే కణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే ‘ఇక్సీ’ పద్ధతిలో బిడ్డలు పుట్టినట్లు 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు ప్రకటించారు. అది మొదలుపెట్టేముందే, కణాలు లేనివారికీ, మిల్లీలీటరుకు 50 లక్షలకు లోపు ఉన్నవారికీ రక్తపరీక్ష చేయించమంటారు. ‘వై’లో ‘ఎ’ భాగం గాని ‘బి’ భాగం గాని పూర్తిగా పోతే, వృషణాలు కోసి వెదికినా కణం దొరకడం దాదాపు కల్ల. ఎకరం అమ్మి ఆపరేషను చేయించుకునేవాడికి యీ సంగతి ముందు తెలియవద్దూ? ‘సి’ భాగం మాత్రమే పోతే చాలామందిలో దొరుకుతాయి. అయితే కొడుకు పుడితే అదే లోపం వాడికీ సంక్రమిస్తుంది. కూతురికి ‘వై’ ఉండదు గనుక ఆ బెడద లేదు.

మావాడిది ‘సి’. ఆ మాట విని వారం రోజులు దుకాణం తెరవలేదు. భార్యే అన్నదట: “కొడుకైతే ఏమయిందండీ? పెళ్లిచూపులకు ముందే వాడికీ, ఆ పిల్లకూ చెబుదాం. నన్ను తిప్పినట్లు ఆ పిల్లను ఎవరూ తిప్పరు.”