లైటు ఆరేదాకా ఆగండి

డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో పాత డీజిల్ కారు తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, వెనక తెల్లటి పొగ వస్తుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఆ పొగ చాలావరకు కాలకుండా బయటికొచ్చిన డీజిలే. అంటే ఇంధనం అందుతోంది, వేడి చాలడం లేదు.

వేడి ఎందుకు చాలదు? డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉండదు. లోపలి గాలిని పిస్టన్ 18 నుంచి 23వ వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకి గాలి వేడెక్కి డీజిల్‌ను అంటిస్తుంది. అందుకు 200 డిగ్రీల పైమాటే కావాలి. ఇంజిన్ చల్లబడి ఉంటే పుట్టిన వేడిని లోహపు గోడలే లాగేసుకుంటాయి. పిస్టన్ రింగులు అరిగిన బండిలో గాలి కూడా కొంత జారిపోతుంది.

ఆ లోటు పూడ్చేది హీటర్ ప్లగ్గు. పెన్సిలంత లావున్న కడ్డీ ఇది. సిలిండరుకు ఒకటి చొప్పున ఉంటుంది. తాళం తిప్పగానే దీని కొన 800 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు బొమ్మతో వెలిగే పసుపు లైటు దీనిదే. అది ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. మరీ చలిగా ఉంటే తాళం ఆపేసి, మళ్లీ తిప్పి, ఇంకోసారి కాగనివ్వండి.

అంతసేపు ఆగితే బ్యాటరీ దిగిపోదా? లెక్క చూద్దాం. ఒక్కో ప్లగ్గు సుమారు 12 ఆంప్స్ తీసుకుంటే నాలుగింటికీ 48 ఆంప్స్, అంటే ఒక మిక్సీకి పట్టేంత పవరు. సెల్ఫ్ మోటారుకు 200 ఆంప్స్ అనుకున్నా, అది గీజరు ఖర్చు. 15 సెకన్లు ప్లగ్గులు కాగడం కన్నా 10 సెకన్లు సెల్ఫ్ కొట్టడానికే దాదాపు మూడింతలు ఖర్చవుతుంది. ఆగడమే చవక.

పైగా సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తువలో దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు బరువు పెరుగుతుంది. అందుకే లైట్లు, బ్లోయరు ఆపి, క్లచ్ తొక్కి పట్టి కొట్టండి. 10 సెకన్లలో అందుకోకపోతే అర నిమిషం ఆగండి. త్వరపడి ఈథర్ స్ప్రే మాత్రం కొట్టొద్దు. ఎర్రగా కాగిన ప్లగ్గు తగిలితే అది పేలే ప్రమాదముంది.

డీజిలే గడ్డకడితే? చలికి డీజిల్లోని మైనం పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. మన ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దగ్గర కూడా ఫిల్టరు దాటాలి. కాబట్టి మన చలికి ముందు అనుమానించాల్సింది ప్లగ్గులను, బ్యాటరీనే. లద్దాఖ్ సంగతి వేరు. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. చలికాలంలో అటు వెళ్తే మైదానంలో పోయించిన డీజిల్‌తో రాత్రి బండి ఆపొద్దు, అక్కడి డీజిలే పోయించండి.

మెకానిక్ దగ్గర రెండే పరీక్షలు అడగండి. మొదటిది, రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే మిగిలినట్టు. రెండోది, వైరు విప్పి మీటరు పెడితే మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటుగా చూపుతుంది. అసలేమీ చూపకపోతే అది కాలిపోయినట్టే. నాలుగింటిలో రెండు పోయినా ఎండాకాలంలో బండి స్టార్టవుతుంది కాబట్టి, ఈ పరీక్ష చలి రాకముందే చేయించండి.