రిప్పన్ బిల్డింగ్ పెద్దాయన

పిట్టి త్యాగరాయ శెట్టి (1852–1925) మద్రాసులో వ్యాపారి. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టారు. నాలుగు దశాబ్దాలు మద్రాసు కార్పొరేషన్‌లో (దాని కార్యాలయమే రిప్పన్ బిల్డింగ్) సభ్యుడిగా ఉన్నారు, ఆ కాలంలోనే దానికి అధ్యక్షుడూ అయ్యారు. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు కావడం వల్ల ఆయన్ని బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. స్వభావంలో ఆయన సంప్రదాయవాది. గుళ్లకు విరాళాలిచ్చిన భక్తుడు, బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయుడు, తెల్లని దుస్తులు తప్ప మరొకటి కట్టని పాతకాలపు పెద్దమనిషి. ఉన్న వ్యవస్థను కూలదోయాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అందులో తమవాళ్లకు రావలసిన వాటా కోసం మాత్రం గట్టిగా పట్టుబట్టారు.

దేవాంగులది నేతవృత్తి, కులదైవం చౌడేశ్వరి. తరాల కిందట తమిళ ప్రాంతానికి తరలిపోయిన దేవాంగ కుటుంబాలు చాలావరకు ఇంట్లో తెలుగునో కన్నడాన్నో నిలబెట్టుకున్నాయి. త్యాగరాయ శెట్టి కుటుంబానికి నేతతో పాటు తోళ్ల వ్యాపారమూ ఉండేది. ఆయన 1876లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. పూర్తిచేశారు. ఆ రోజుల్లో పట్టా చేతికొచ్చినవాళ్లు సర్కారు కొలువుకో వకీలు వృత్తికో వెళ్లేవారు. ఆయన మగ్గాల దగ్గరికే తిరిగొచ్చారు. ఉత్తర మద్రాసులోని వాషర్‌మన్‌పేటలో నేతశాల నడిపారు. తాడు లాగితే నాడె తనంతట తాను ఇటునుంచి అటు పరిగెత్తే కొత్తరకం మగ్గాన్ని అందరికంటే ముందు ప్రయత్నించి చూసినవారిలో ఆయన ఒకరు. పాత మగ్గం మీద వెడల్పు గుడ్డ నేయాలంటే నాడె అందుకోవడానికి పక్కన మరో మనిషి కావాలి. కొత్తదాని మీద ఒక్కరే నేయవచ్చు, పనీ త్వరగా సాగుతుంది. ఈ మగ్గం తర్వాత కోస్తా ఆంధ్ర నేత ఊళ్లలో బాగా పాకింది. మిల్లు బట్ట పోటీలో చేనేత నిలవాలంటే పనిముట్టు మారాలన్నది ఆయన లెక్క. మతాచారాల్లో పాతను వదలని మనిషి యంత్రం దగ్గర అంత చొరవ చూపడం గమనించదగ్గది.

మద్రాసులో తెల్ల వర్తకులకు 1836 నుంచే ఒక చాంబర్ ఆఫ్ కామర్స్ ఉంది. దేశీయ వ్యాపారులకు అలాంటి వేదికగా 1909లో సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు త్యాగరాయ శెట్టే. పదేళ్లకు పైగా ఆ కుర్చీలో ఉన్నారు.

కార్పొరేషన్‌లో అడుగుపెట్టింది అంతకు చాలా ముందు, 1880ల తొలినాళ్లలో. నీళ్లు, మురుగు, పన్నులు, బడులు ఇవే అక్కడి రాజకీయం. సమావేశాలకు తప్పకుండా వెళ్లడం, లెక్కలు అడగడం, పట్టు వదలకపోవడం ఆయన పద్ధతి. తగాదాలకూ వెనుకాడేవారు కాదు. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడి కోనేరు విషయంలో సాటి సభ్యుడు డాక్టర్ టి.ఎం. నాయర్‌తో ఆయనకు పెద్ద రగడే జరిగింది. నాయర్ వైద్యుడు, హేతువాద ధోరణి మనిషి. శెట్టి గుడి పక్షం. ఇద్దరికీ ఏళ్ల తరబడి పొసగలేదు.

ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టింది 1916. అప్పటిదాకా శెట్టి కాంగ్రెస్ వర్గాల్లోనే తిరిగేవారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయనా నాయరూ ఓడిపోయారు. అనీబిసెంట్ హోమ్ రూల్ ఉద్యమం ఊపందుకుంది. స్వపరిపాలన వస్తే అధికారమంతా అప్పటికే చదువుల్లో, కొలువుల్లో ముందున్న బ్రాహ్మణుల చేతికే పోతుందని బ్రాహ్మణేతర ప్రముఖులు భయపడ్డారు. జనాభాలో నూటికి మూడు పాళ్లున్న వర్గం వాళ్లే విశ్వవిద్యాలయ రిజిస్టరులోని 650 మంది పట్టభద్రుల్లో 452 మంది. ఈ అంకె చుట్టూనే వాదమంతా నడిచింది. మధ్యవర్తిత్వం డాక్టర్ సి. నటేశ మొదలియార్‌ది. 1916 నవంబరు 20న మద్రాసులో కూడిన సమావేశంలో సౌత్ ఇండియన్ పీపుల్స్ అసోసియేషన్ పుట్టింది. పత్రికలు నడపడానికి వాటాలు వేసి కంపెనీ పెట్టారు; వ్యాపారి చెయ్యి ఇక్కడ తెలిసిపోతుంది. డిసెంబరులో శెట్టి సంతకంతో బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడింది. ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ ఉద్యమ పత్రికలయ్యాయి. ఈ ఉద్యమం నుంచి వచ్చిన పార్టీ అసలు పేరు దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య. జనం నోట నిలిచింది మాత్రం ఇంగ్లీషు పత్రిక పేరే.

1919 జులైలో నాయర్ లండన్‌లో చనిపోయారు. పార్టీ భారం శెట్టి మీద పడింది. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల కింద జరిగిన 1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. మద్రాసు శాసన మండలిలో ఎన్నికయ్యే 98 స్థానాల్లో 63 జస్టిస్ పార్టీవి. గవర్నరు విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటుచేయమని శెట్టిని పిలిచారు. ఆయన ఒప్పుకోలేదు. ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ మంత్రివర్గానికి నాయకుడయ్యారు. కొద్ది నెలలకే ఆయన తప్పుకోగా 1921 జులైలో పానగల్ రాజా, అంటే కాళహస్తి ప్రాంతపు పానగంటి రామారాయణింగారు, ఆ స్థానానికి వచ్చారు. శెట్టి పార్టీ అధ్యక్షుడిగా ఉంటూ కార్పొరేషన్‌లోనే కొనసాగారు. మంత్రి పదవి వద్దనడాన్ని త్యాగమని పొగిడినవాళ్లున్నారు. అయితే రాష్ట్ర మంత్రికి ఆ రోజుల్లో ఖజానా మీద పట్టు లేదు, పోలీసు మీద అధికారం లేదు. నగర పాలనలో చేతినిండా పని, చేయడానికి వీలు రెండూ ఉన్నాయి. ఈ తేడా అంత అనుభవమున్న మనిషికి తెలియనిది కాదు.

ప్రభుత్వాధికారి కాకుండా, ఎన్నికై కార్పొరేషన్ అధ్యక్షుడైన మొదటి వ్యక్తి ఆయనే. ఆ పదవిలో చేసిన పనుల్లో దేశమంతటికీ దారిచూపింది ఒకటుంది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడికి పిల్లలు సరిగా రావడం లేదు. పేదరికమే అందుకు కారణమని శెట్టి వాదించారు. 1920 సెప్టెంబరులో ఆ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టాలన్న ప్రతిపాదనను సభ ఆమోదించింది. ఖర్చు పిల్లవాడికి రోజుకు అణా మించకూడదు. తర్వాత మరో నాలుగు బడులకు విస్తరించారు. హాజరు పెరిగింది. ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 1925లో పథకం ఆగి, తర్వాత చిన్న స్థాయిలో మళ్లీ మొదలైంది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల బడుల్లో పెట్టే అన్నానికి వంశవృక్షం గీస్తే మొదటి కొమ్మల్లో ఒకటి ఇదే.

అందరి వాటా కోసం పుట్టిన పార్టీ అట్టడుగు వర్గాల దగ్గరికి వచ్చేసరికి తడబడింది. 1921లో పెరంబూరు బకింగ్‌హాం–కర్ణాటిక్ మిల్లుల్లో సమ్మె జరిగింది. ఆది ద్రావిడ (దళిత) కార్మికులు చాలామంది పనిలోకి వెళ్లడంతో పులియంతోపులో కొట్లాటలు చెలరేగాయి, పోలీసులు కాల్పులు జరిపారు. అధికారులు ఆది ద్రావిడులను నెత్తికెక్కించుకోవడం వల్లే ఇదంతా వచ్చిందని ‘జస్టిస్’ పత్రిక రాసింది. దళిత నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని వదిలేశారు. త్యాగరాయ శెట్టి నాయకత్వాన్ని తూచేటప్పుడు అణా భోజనంతో పాటు దీన్నీ తక్కెట్లో వేయాల్సిందే.

తమిళ, తెలుగు పేచీ మరొకటి. పానగల్ రాజా, ఏలూరు వకీలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, బరంపురం ఎ.పి. పాత్రో మంత్రులుగా ఉండడంతో పెత్తనమంతా ఉత్తర జిల్లాలదేనని తమిళ సభ్యులు గుర్రుమన్నారు. 1923 ఎన్నికల్లో పార్టీ బలం తగ్గింది. తర్వాత టి.ఎన్. శివజ్ఞానం పిళ్లెను మంత్రిని చేసినా అసమ్మతి చల్లారలేదు. కట్టమంచి రామలింగారెడ్డి పార్టీ నుంచి చీలి వెళ్లి, ఆ నవంబరులో మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. 65–44 ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కింది.

శెట్టి 1925లో మరణించారు. పార్టీ పగ్గాలు పానగల్ రాజాకు వెళ్లాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో పార్టీ ఓడిపోయింది. మాంబళంలో పాత చెరువును పూడ్చి 1923–25 మధ్య కట్టిన కొత్త పేటకు త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. దానిలోని ఉస్మాన్ రోడ్డు, నాయర్ రోడ్డు, పానగల్ పార్కు, నటేశన్ పార్కు కూడా జస్టిస్ నాయకుల పేర్లే. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు సినిమావాళ్లు టీ నగర్ అని పిలుచుకుంటూ ఇళ్లు కట్టుకున్నదీ, ఎన్టీ రామారావు బజుల్లా రోడ్డులో కాపురమున్నదీ ఈ పేటలోనే.