గుండాటలో గుట్టు

అనకాపల్లి అనగానే మీకు బెల్లం గుర్తుకు వస్తుంది. ఆ ఊరివాళ్ళకు బెల్లంతోపాటు నూకాలమ్మ తీర్థం కూడా గుర్తుకు వస్తుంది. ఉగాదికి ముందురోజు వచ్చే కొత్తమావాస్యకు ఎక్కడెక్కడి జనమో వచ్చి అమ్మవారిని చూసుకుని వెళతారు. పిల్లలకు తీర్థం అంటే రంగులరాట్నం, జీళ్ళు, బూరాలు. పెద్దవాళ్ళు చేతిలో పెట్టే తీర్థం డబ్బులు కూడానూ.

అయితే మన తెలుగుదేశపు తీర్థాలలో, సంక్రాంతి కోడిపందాల దగ్గర, ఒక వారగా ఇంకొక ఆట కనిపిస్తూంటుంది. దానిపేరు గుండాట. ఆరు బొమ్మలు గీసిన గుడ్డ నేలమీద పరిచి ఉంటుంది. ఆడించేవాడి చేతిలో డబ్బా, డబ్బాలో పాచికలు. పాచిక ఆరు ముఖాలమీదా అవే ఆరు బొమ్మలు. ఇది చట్టం ఒప్పని ఆట. పోలీసులు వస్తే గుడ్డ చుట్టేసి పరుగెత్తవలసిందే. అయినా ప్రతి ఏడూ జనం దానిచుట్టూ మూగుతారు. ఎందుకో చూద్దాము.

పాచికలెన్ని, గెలిస్తే ఎంత ఇస్తారు అనేవి చోటునుబట్టి మారతాయి. మనం మూడు పాచికలతో లెక్క వేద్దాము. మీరు ఏనుగు బొమ్మమీద ఒక రూపాయి పెట్టారనుకోండి. ఒక పాచికమీద ఏనుగు పడితే మీ రూపాయి మీకు వచ్చి, పైన ఒక రూపాయి ఇస్తాడు. రెండింటిమీద పడితే పైన రెండు, మూడింటిమీదా పడితే పైన మూడు. ఏనుగు అసలు పడకపోతే మీ రూపాయి వాడిది.

ఇప్పుడు మీ మనసు ఏమంటుంది? "బొమ్మలు ఆరు, పాచికలు మూడు. ఆరింట మూడు అంటే సగం. గెలవటానికెంత అవకాశమో ఓడటానికీ అంతే. పైగా జంట పడితే రెండు రూపాయలు! నష్టం నాకా, వాడికా?" అంటుంది. వినటానికి ఎంతో సబబుగా ఉన్నది. బేరంలో పైసా పోనివ్వని పెద్దమనుషులు కూడా ఈ మాట నమ్మి డబ్బు పెడతారు.

సరే, ఇదే నిజమైతే ఆరు పాచికలు వేసినప్పుడు ఆరింట ఆరు కావాలి. అంటే ఏనుగు ప్రతిసారీ పడి తీరాలి. ఇంట్లో ఆరు పాచికలుంటే వేసి చూడండి. (లేకపోతే ఒక్కదాన్నే ఆరుసార్లు వేయండి, ఫలితం ఒకటే. పందెం మాత్రం వద్దు!) ఇలా చాలాసార్లు చేస్తే, మూడింట దాదాపు ఒకసారి మీరనుకున్న ముఖం అసలు కనిపించదు. మరి లెక్క ఎక్కడ తప్పింది?

ఆడించేవాడి పక్కన కూచుని చూస్తే తెలుస్తుంది. ఆరుగురు ఆరు బొమ్మలమీదా తలా ఒక రూపాయి పెట్టారు. మూడు పాచికలమీద మూడు వేరువేరు బొమ్మలు పడ్డాయి. ఓడిన ముగ్గురి దగ్గరా మూడు రూపాయలు తీసుకుని, గెలిచిన ముగ్గురికీ ఇచ్చేశాడు. వాడికి మిగిలింది సున్న. ఈసారి ఏనుగులు రెండు, నెమలి ఒకటి పడ్డాయి. ఓడినవాళ్ళు నలుగురు గనక నాలుగు రూపాయలు వచ్చాయి. ఏనుగువాడికి రెండు, నెమలివాడికి ఒకటి ఇచ్చాడు. ఒక రూపాయి మిగిలింది! మూడూ ఏనుగులే పడితే ఐదు వచ్చి మూడు పోతాయి, రెండు మిగులుతాయి. చూశారా? ఏ జంటను చూసి మనకు నోరూరుతున్నదో ఆ జంటలోనే వాడి లాభం ఉన్నది. ఒకే బొమ్మ రెండుసార్లు పడినప్పుడు ఇంకొక బొమ్మకు చోటు పోతుంది. మనసు ఆ సంగతి లెక్కలోకి తీసుకోదు.

మూడు పాచికలు పడగల తీరులు 6×6×6, మొత్తం 216. అందులో ఏనుగు ఒక్కటీ లేనివి 5×5×5, అంటే 125. ఉన్నవి 91 మాత్రమే. జంటలకు వచ్చే అదనపు డబ్బు కలుపుకున్నా, 216 సార్లు ఆడితే సగటున 17 రూపాయలు వదులుతాయి. పాచికల్లో ఏ మోసమూ లేకుండానే సుమా!

ఓడినవాణ్ణి ఇంటికి పోనివ్వని ఊహ ఇంకొకటి ఉన్నది. "ఏనుగు పడి చాలాసేపయింది, ఇప్పుడు పడి తీరుతుంది" అనేది. 1913 ఆగస్టు 18న మాంటికార్లో జూదశాలలో ఇదే జరిగింది. అక్కడి చక్రంలో నల్లగళ్ళు 18, ఎర్రగళ్ళు 18, సున్న ఒకటి. ఆ రోజు గుండు వరసగా నల్లగళ్ళలోనే పడసాగింది. "ఇక ఎరుపే" అని జనం ఎగబడి ఎరుపుమీద డబ్బు కుమ్మరించారు. నలుపు వరసగా 26 సార్లు పడింది. చక్రానికి జ్ఞాపకశక్తి లేదు. పాచికకూ లేదు. కిందటిసారి ఏం పడిందో దానికేం తెలుసు?

ఆ 1913లోనే అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం మొదలయింది. దానికీ పాచికలకూ ఏమిటి సంబంధమంటారా? రెండు రకాల చెరకులో ఏది మేలో తేల్చాలి. మడులు మనమే పంచితే, తెలియకుండానే మనకు నచ్చిన రకానికి మంచి మడి ఇచ్చేస్తాము. అందుకని ఏ మడికి ఏ రకమో చీట్లు వేసినట్టుగా నిర్ణయించాలని ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్ 1920లలో చెప్పాడు. పైరుల పరీక్షలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే జరుగుతాయి. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన తెలుగువాడు సి. ఆర్. రావుగారు అనకాపల్లికి దగ్గరిలోనే, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, లెక్కలు చదువుకున్నారు. 2023లో, 102 ఏళ్ళ వయసున కన్నుమూశారు.

ఇక మీ బడిలోనే ఒక సంగతి చూడండి. ఏడాదికి 365 రోజులు గదా. తరగతిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించాలంటే ఎంతమంది ఉండాలి? నూట ఎనభైకి పైగా అని మనసు చెబుతుంది. 23 మంది చాలు! ఇక్కడ కావలసింది మీ పుట్టినరోజే ఇంకొకరిది కావటం కాదు, ఏ ఇద్దరిదైనా సరే. 23 మందిలో అలాంటి జంటలు 253 ఉన్నాయి. 40 మంది ఉంటే అవకాశం నూటికి 89 పాళ్ళు. కవలలుంటే ఒకరినే లెక్కపెట్టండి. తేదీలు మాత్రం బడి రిజిస్టరులోవి కాకుండా ఎవరి అమ్మను వాళ్ళు అడిగి రండి. రిజిస్టరును నమ్ముకుంటే కొన్ని బళ్ళలో సగంమంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్టు ఉంటుంది!