సైన్యం గుర్తులు మన బ్యానర్ల మీద వేసుకోవచ్చా?

ఈ వార్షికోత్సవ సంచిక పనులు మొదలుపెట్టిన వారంలోనే మా సంపాదక సంఘం ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. మన హాస్టల్లో చదువుకొని సైన్యంలో చేరిన అన్నలకు సన్మానం చేయాలని పూర్వ విద్యార్థుల సంఘం తీర్మానించింది. వేదిక వెనుక కట్టే ఫ్లెక్సీ మీద, ఇచ్చే మెమెంటో మీద, కొత్తగా కుట్టించే టీ షర్టుల మీద సైన్యం గుర్తు వేయిద్దామని కొందరన్నారు. అది ప్రభుత్వానిది, మనం వేయకూడదేమోనని మరికొందరన్నారు. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకైతే ఏ సందేహమూ లేదు. ఏ బొమ్మ అడిగినా కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది. అందుకని చట్టాలు తిరగేసి మేము తెలుసుకొన్న సంగతులు మీ ముందు పెడుతున్నాము. సన్మానం కోసమే కాదు, రేపు ఉద్యోగాల వేటలో కూడా మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవి పనికివస్తాయి.

ముందుగా ఆ గుర్తులో ఏముందో చూద్దాము. ఆర్మీ గుర్తులో ఒకదానిపై ఒకటి అడ్డంగా వేసిన రెండు కత్తులు, వాటి పైన సారనాథ్ సింహాలు ఉంటాయి. నౌకాదళం గుర్తులో లంగరు ఉంటుంది, పైన సింహాలు. వాయుసేన గుర్తులో రెక్కలు చాచిన పక్షి ఉంటుంది, దాని పైనా సింహాలే. వాయుసేన నినాదాన్ని భగవద్గీత 11వ అధ్యాయం నుంచి తీసుకొన్నారు. కత్తులు, లంగరు, పక్షి వేరువేరుగా ఉన్నా మూడింటిలోనూ అశోకుని సింహాలు ఉమ్మడిగా ఉన్నాయి. 1950 జనవరి 26న మన దేశం రాజచిహ్నంగా స్వీకరించింది ఆ సింహ శీర్షాన్నే. కాబట్టి సైన్యం గుర్తును వాడితే రాజచిహ్నాన్ని కూడా వాడినట్టే. చిక్కంతా అక్కడే ఉంది.

రాజచిహ్నం దుర్వినియోగాన్ని నిషేధిస్తూ 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ప్రభుత్వానికి సంబంధించినదేమో, ఇది సర్కారు కాగితమేమో అని చూసేవారు భ్రమపడేలా ఆ చిహ్నాన్ని గాని, దానిని పోలిన బొమ్మను గాని ఎవరూ వాడకూడదని ఆ చట్టం చెబుతోంది. తప్పితే 2 సంవత్సరాల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అక్రమ లాభం కోసం వ్యాపారంలో వాడితే కనీసం 6 నెలల జైలు తప్పదు. ఈ చట్టం కింద 2007లో వచ్చిన నియమాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. రిజిస్టరైనా కాకపోయినా ఏ సంఘమూ తన లెటర్‌హెడ్ మీద, కరపత్రం మీద, బ్యాడ్జి మీద, జెండా మీద ఆ చిహ్నాన్ని వాడరాదు. ప్రత్యేకంగా అధికారం ఇస్తే తప్ప విశ్వవిద్యాలయాలకు, పంచాయతీలకు, స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి లేదు. మాజీ మంత్రులు, మాజీ ఎంపీలు సైతం పదవి దిగిపోయాక వాడకూడదు. పదవి పోయి పదేళ్లయినా విజిటింగ్ కార్డు మీద సింహాలు దిగని పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు, అది వేరే విషయం!

అంతకంటే పాతది 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం. ఇది ప్రధానంగా వ్యాపారాన్ని ఉద్దేశించినది. కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా జాతీయ జెండాను, ప్రభుత్వ చిహ్నాలను, మహాత్మా గాంధీ, నెహ్రూ, ఛత్రపతి శివాజీల పేర్లను, బొమ్మలను వ్యాపారానికి గాని, ట్రేడ్‌మార్కుగా గాని వాడుకోకూడదు. ప్రభుత్వం ఇచ్చే పతకాలు, బ్యాడ్జీలు, వాటి నమూనాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే వీరచక్ర వంటి పతకం బొమ్మను కోచింగ్ సెంటర్ బోర్డుకు తగిలించుకోవడం కుదరదు. చట్టం చేసిన నాడు పెట్టిన జరిమానా 500 రూపాయల వరకు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. ఈ చట్టంలో మన సంఘానికి సూటిగా తగిలే అంశం మరొకటి ఉంది. ప్రభుత్వ ఆదరణ ఉన్నట్టు తోచే పేరు పెట్టుకొంటే సంఘాన్నయినా, కంపెనీనయినా రిజిస్టరు చేయకుండా అధికారి తిరస్కరించవచ్చు. పూర్వ విద్యార్థుల సంఘాన్ని 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించాలని ఆలోచిస్తున్న పెద్దలు పేరు ఖరారు చేసే ముందు దీనిని ఒకసారి గమనించగలరు.

ఇవన్నీ చదివిన తరువాత మెమెంటో మీద మన హాస్టల్ పేరు, అన్న పేరు, సైన్యంలో చేరిన సంవత్సరం మాత్రమే చెక్కించాలని తీర్మానించాము. ఫ్లెక్సీ మీద అన్నల ఫొటోలుంటాయి గాని, వారి యూనిట్ పేరు, ప్రస్తుతం పనిచేస్తున్న చోటు ఉండవు. ఆ వివరాలు ఊరంతా తెలియవలసిన అవసరం లేదు. సెలవు మీద వచ్చిన అన్నలు యూనిఫాంలో రావాలని కూడా ఎవరూ పట్టుబట్టవద్దని కోరుతున్నాము. ప్రైవేటు సభలకు ఎప్పుడు, ఎలా రావాలో వారి యూనిట్ నియమాలు వారికుంటాయి. ఇక ఎన్నికల కాలంలో సైనికుల ఫొటోలను ప్రచారానికి వాడవద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులోనే పార్టీలకు చెప్పింది. 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. కనుక మన వేదిక మీది ఫొటోలు రేపు ఎవరి ఫ్లెక్సీలోకీ ఎక్కకుండా చూసుకోవలసింది కూడా మనమే.

గుర్తు తరువాత యూనిఫాం సంగతి. సైనికుడు కానివాడు, తనను సైనికుడని ఎదుటివారు నమ్మాలనే ఉద్దేశంతో అటువంటి దుస్తులు వేసినా, అటువంటి గుర్తు ధరించినా నేరమే. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షన్, జరిమానా 500 రూపాయల వరకు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 168వ సెక్షన్. మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇక్కడ కీలకమైనది ఉద్దేశం. వార్షికోత్సవ నాటికలో ఆరో తరగతి తమ్ముడు జవాను వేషం కట్టి చెక్క తుపాకీతో నిలబడితే, వాడిని చూసి నిజమైన జవాను అని ఎవరూ అనుకోరు, అనుకోవాలని వాడికీ లేదు. అది నేరం కాదు. అదే దుస్తులతో బస్సులో టికెట్ తప్పించుకోవాలని చూసినా, టోల్‌గేటు దగ్గర దబాయించినా కథ మారిపోతుంది. నిషేధిత ప్రాంతంలోకి చొరబడడానికి యూనిఫాం వాడితే 1923 నాటి అధికార రహస్యాల చట్టమే వచ్చి మీద పడుతుంది.

మన పూర్వ విద్యార్థులలో చాలామందికి అవసరమైన విషయం ఒకటుంది. డిగ్రీ మధ్యలో ఆపి హైదరాబాదులో, బెంగుళూరులో సెక్యూరిటీ గార్డులుగా చేరుతున్న వారు మనలో తక్కువేమీ కాదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలో 21వ సెక్షన్ అని ఉంది. ప్రైవేటు గార్డు సైన్యం, నౌకాదళం, వాయుసేన, పోలీసు యూనిఫాంను గాని, దానిలా కనిపించే దుస్తులను గాని వేసుకొంటే ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అందులో రాశారు. శిక్ష ఏజెన్సీ యజమానికే కాదు, ఆ బట్టలు తొడుక్కొన్న గార్డుకు కూడా! యజమాని ఇచ్చాడు, నేను వేసుకొన్నాను అంటే చెల్లదు. నెలజీతం కోసం నిలబడ్డ కుర్రవాడిని కూడా యజమానితో సమానంగా బోనెక్కించడం న్యాయమా అని మాకూ అనిపించింది. కాని చట్టం అలా ఉంది కాబట్టి, చేరిన రోజే భుజం మీది పట్టీలు, టోపీ మీది బిళ్ళ చూసుకోండి. అనుమానం ఉంటే మార్చమని అడగండి.

మచ్చల బట్టల మాట కూడా చెప్పుకోవాలి. ఆర్మీ ప్యాంట్లంటూ ఫుట్‌పాత్‌ల మీద అమ్మేవాటిని సరదాకు కొంటాము. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసిన ఉగ్రవాదులు సైనిక దుస్తులలోనే వచ్చారు. ఆ దాడి తరువాత, పౌరులు సైన్యం నమూనా దుస్తులు వేసుకోవద్దని, దుకాణదారులు అమ్మవద్దని ఆర్మీ విజ్ఞప్తి చేసింది. 2022 జనవరి 15న ఆర్మీ డే నాడు కొత్త యుద్ధ దుస్తులను ప్రదర్శించారు. వాటి నమూనాను నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ సహకారంతో తయారు చేశారు. ఆ డిజైన్‌ను ఆర్మీ తన పేర రిజిస్టరు చేయించుకొన్న సంగతి అదే సంవత్సరం నవంబరులో ప్రకటించారు. ఆ హక్కు 10 సంవత్సరాలు ఉంటుంది, మరో 5 సంవత్సరాలు పొడిగించుకోవచ్చు. ఇప్పుడు ఆ గుడ్డను అనుమతి లేకుండా నేసి అమ్మేవాడి మీద ఆర్మీ దావా వేయవచ్చు. అమెరికాలోనైతే సైన్యమే తన గుర్తులను కంపెనీలకు లైసెన్సుకిచ్చి రుసుము తీసుకొంటుంది. మన దగ్గర ఆలోచన వేరు.

సైన్యానికి సంబంధించినదని చాలామందికి తెలియని గుర్తు ఒకటుంది. తెల్లని నేల మీద ఎర్ర శిలువ, అంటే రెడ్‌క్రాస్. మందుల షాపుల మీద, డాక్టర్ల కార్ల మీద, హాస్టళ్ల ప్రథమ చికిత్స పెట్టెల మీద కనిపిస్తుంది కనుక అది ఆసుపత్రి గుర్తు అనుకొంటాము. నిజానికది యుద్ధభూమి గుర్తు. 1859లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధంలో దిక్కులేకుండా పడిఉన్న క్షతగాత్రులను హెన్రీ డ్యునాంట్ చూశాడు. ఆయన చేసిన కృషి ఫలితంగా 1864లో మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. సైన్యపు వైద్య సిబ్బందికి రక్షణ చిహ్నంగా ఆ శిలువను నిర్ణయించారు. స్విట్జర్లాండ్ జెండా రంగులను తిరగేసి దానిని తయారు చేశారు. కాల్చవద్దు, ఇక్కడ గాయపడినవారున్నారు అని దాని అర్థం. కనిపించిన ప్రతి గోడ మీదా అదే ఉంటే యుద్ధంలో దాని మాట ఎవరు వింటారు? అందుకే మన దేశంలో 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం కేంద్రం ఆమోదం లేకుండా ఎవరూ ఆ గుర్తును ఏ పనికీ వాడకూడదు. ప్రథమ చికిత్స పెట్టెకు ఆకుపచ్చ నేల మీద తెల్ల శిలువ వేయడం అంతర్జాతీయ పద్ధతి. ఒక చిన్న డబ్బా ఆకుపచ్చ రంగు చాలు. ఈ సంచిక చదివే వార్డెన్ సార్లు, మేడములు ఆలోచించగలరు.

మన వాళ్లకు ఆత్మీయమైన మరొక గుర్తు గురించి కూడా అడిగారు. ప్రతి జనవరి 1న భీమా కోరేగావ్ విజయస్తంభం బొమ్మతో మన సంఘాలు పోస్టర్లు వేస్తాయి. 1818 జనవరి 1 నాటి యుద్ధంలో మరణించిన సైనికుల పేర్లు ఆ స్తంభం మీద ఉన్నాయి, వారిలో 22 మంది మహార్లు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1927 జనవరి 1న అక్కడికి వెళ్లి నివాళులర్పించారు. 1941లో మహార్ రెజిమెంటు ఏర్పడినప్పుడు ఆ స్తంభమే వారి టోపీ బిళ్ళ మీద ఉండేది. స్వాతంత్ర్యం తరువాత దానిని తీసివేశారు, ఇప్పుడు అక్కడ బాకు ఉంది. స్తంభం బొమ్మ మనందరిదీ, పోస్టర్ మీద నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. రెజిమెంటు బిళ్ళ మాత్రం ఆ రెజిమెంటులో పనిచేసే జవానుది. రెండింటినీ కలిపి ఒకే బ్యాడ్జిగా అచ్చువేయించి పంచడం మంచిది కాదు.

ఎన్‌సీసీలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. ఎన్‌సీసీ 1948 చట్టం ద్వారా ఏర్పడింది. దాని జెండాలోని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం మూడు దళాలకు గుర్తు. కాని క్యాడెట్ సైనికుడు కాడు. పెరేడ్‌కు, క్యాంపుకు వేసుకొన్న యూనిఫాంతో సినిమా హాలు క్యూలో నిలబడితే మర్యాద పోయేది మనదే.

అవే మూడు రంగుల చిన్న జెండాలను డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు పంచి విరాళాలు సేకరిస్తారు. ఇది 1949 నుంచి జరుగుతోంది. ఆ సొమ్ము అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు చేరుతుంది. హాస్టల్ తరఫున ఇవ్వదలచిన వారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి. కత్తుల గుర్తు ముద్రించిన రసీదు పుస్తకంతో ఎవరైనా గేటు దగ్గరకు వస్తే ముందు ఆ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఉద్యోగాల పేరిట జరిగే మోసం. మన పట్టణాల గోడల మీద కత్తులు, సింహాలు అచ్చువేసిన డిఫెన్స్ అకాడమీల ప్రకటనలు చూస్తూనే ఉంటాము. శిక్షణ ఇవ్వడం తప్పు కాదు. మంచి శిక్షణ ఇచ్చేవారూ ఉన్నారు. కాని ఆ గుర్తు చూసి వాళ్లకు లోపల పలుకుబడి ఉందని మన పల్లెటూరి తల్లిదండ్రులు నమ్ముతారు. ఎకరం పొలం తాకట్టు పెట్టి దళారికి డబ్బు కడతారు. సింహాల ముద్ర కొట్టిన కాల్ లెటర్ కూడా చేతికి వస్తుంది. అది పట్టుకొని వెళ్లిన కుర్రవాడిని సెంటర్ గేటు దగ్గరే ఆపేస్తారు. పొలం మాత్రం తిరిగి రాదు. ప్రభుత్వోద్యోగిగా నటించి మోసం చేసినవాడికి న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 సంవత్సరాల జైలు ఉంది. కాబట్టి మోసపోయినవారు సిగ్గుపడి ఊరుకోకుండా పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

అసలు దారి ఇది. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. 2023 నుంచి ముందుగా కంప్యూటర్ మీద ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అందులో నెగ్గినవారికే ర్యాలీలో పరుగు, కొలతలు, వైద్య పరీక్షలు. దరఖాస్తు జాయిన్ ఇండియన్ ఆర్మీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే పెట్టాలి. 2023లో పరీక్షకు అభ్యర్థి కట్టినది 250 రూపాయలు, మిగతా సగం ఆర్మీయే భరించింది. దళారికి ఇవ్వవలసినది ఒక్క రూపాయి కూడా లేదు. ఏ కాగితం మీదనైనా అనుమానం వస్తే సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నంలోని ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాలలో మీ జిల్లా దేని కిందికి వస్తుందో అక్కడికి వెళ్లి చూపించండి. వెళ్లేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకుండా జిరాక్సులు తీసుకువెళ్లండి.