ఇంజిన్ మసి వదలాలని కాస్టిక్ సోడాలో నానబెడుతున్నారా..? అల్యూమినియం పార్టులకు అదే గండం!

పికప్ పడిపోయింది. ఎక్సలేటర్ తొక్కితే వెనుక నల్లటి పొగ. మైలేజీ కూడా తగ్గింది. ఇలాంటి పాత డీజిల్ కారును షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ముందుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చూపిస్తాడు. గాలి ధారాళంగా వెళ్లాల్సిన దారిలో తారులాంటి నల్లటి మడ్డి మందంగా పేరుకుపోయి ఉంటుంది. చూసిన ఓనర్‌కు కళ్లు తిరుగుతాయి. అయితే అసలు తంటా అక్కడ కాదు, ఆ మడ్డిని వదిలించే పద్ధతిలో ఉంది. "రాత్రంతా కాస్టిక్ సోడా నీళ్లలో పడేస్తే తెల్లారేసరికి తెల్లగా వచ్చేస్తుంది" అన్న చిట్కా షెడ్లలోనూ, వీడియోల్లోనూ బాగా తిరుగుతోంది. ఇనుప పార్టుకైతే ఆ మాట సరిపోతుంది. అల్యూమినియం పార్టును అలా పడేస్తే మడ్డితో పాటు పార్టు కూడా కరగడం మొదలవుతుంది!

అసలు గాలి వెళ్లే గొట్టంలోకి మసి ఎలా వచ్చింది..?

ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన గాలిలో ఇంత మసి ఉండదు కదా అని చాలామందికి డౌట్ వస్తుంది. నిజమే, ఈ మసి బయటి నుంచి రాదు. ఇంజిన్ తాను వదిలిందే తాను మళ్లీ పీల్చుకుంటుంది.

ఇంజిన్ లోపల వేడి మరీ పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు చేటు చేసే వాయువులివి. వీటిని తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపుతారు. ఆ పని చేసేదే ఈజీఆర్ వాల్వ్. దాంతో మండే వేడి తగ్గుతుంది, విషవాయువులూ తగ్గుతాయి. కానీ ఆ పొగతో పాటు పొడి మసి కూడా వెనక్కి వస్తుంది.

ఇక రెండోది ఆయిల్ ఆవిరి. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన గ్యాస్ ఇంజిన్ ఆయిల్ తుంపర్లను మోసుకుని బ్రీదర్ పైపు ద్వారా ఇన్‌టేక్‌లోకే చేరుతుంది. టర్బో సీల్ కాస్త అరిగిందంటే ఆ ఆయిల్ మరింత పెరుగుతుంది. పొడి మసి ఒక్కటే ఉంటే గాలికి కొట్టుకుపోయేది. ఆయిల్ ఒక్కటే ఉంటే పల్చగా జారిపోయేది. రెండూ కలిసేసరికి పొయ్యి మసిలో నూనె కలిపి రుద్దినట్టు ముద్దలా అంటుకుంటోంది. సిటీ ట్రాఫిక్‌లో రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండ్లలో ఇంజిన్ సరిగా వేడెక్కదు కాబట్టి ఈ ముద్ద ఇంకా త్వరగా పేరుకుంటుంది.

పెట్రోల్ బండ్లకూ ఈ బెడద ఉంది. పాత పద్ధతి ఇంజిన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ మీదే చల్లుతారు కాబట్టి వాల్వ్ ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. కడిగే దిక్కు లేక వాల్వ్ వెనుక బొగ్గులా గట్టిపడుతుంది.

కాస్టిక్ సోడా ఏం చేస్తుంది?

అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. గాలి తగలగానే దాని మీద కంటికి కనిపించని పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. చిక్కేమిటంటే ఈ పొర ఘాటైన యాసిడ్‌లోనూ కరుగుతుంది, ఘాటైన క్షారంలోనూ కరుగుతుంది. సుమారు 4 నుంచి 9 మధ్య పీహెచ్ ఉన్న ద్రవాల్లోనే అది క్షేమంగా ఉంటుంది. కాస్టిక్ సోడా ద్రావణం పీహెచ్ 13, 14 దాకా వెళ్తుంది. పొర పోయాక లోపలి లోహం నేరుగా దొరుకుతుంది. బుసబుసమని బుడగలు వస్తాయి. "చూశావా, మసి ఎలా వదులుతోందో" అనుకుంటారు గానీ, అది మసి వదలడం కాదు. లోహం కరిగి హైడ్రోజన్ వాయువు బయటకు రావడం. ఆ వాయువు మండే గుణం ఉన్నది. మూసిన గదిలో, పక్కన బీడీ వెలిగించినా, గ్రైండర్ నిప్పురవ్వ పడినా పెద్ద ప్రమాదమే.

పార్టు బయటకు తీశాక మరో వింత కనిపిస్తుంది. తెల్లగా మెరవాల్సింది పోయి బూడిద నలుపు రంగులో వస్తుంది. ఇంజిన్ పార్టులకు వాడేది శుద్ధ అల్యూమినియం కాదు, సిలికాన్, రాగి వంటివి కలిపిన మిశ్రమం. అల్యూమినియం కరిగిపోగా మిగతావి పైన నల్లటి పొడిలా తేలుతాయి. మసి ఇంకా పోలేదనుకుని మళ్లీ ముంచారంటే పని అయిపోయినట్టే. హెడ్‌కు అతుక్కునే చదునైన ముఖం గుంటలు పడి, కొత్త గ్యాస్కెట్ వేసినా గాలి లీకవుతుంది. బోల్టు మరలు లూజవుతాయి.

మరి ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? పాత ఇంజిన్లలో బ్లాకు, హెడ్డు, మానిఫోల్డ్ అన్నీ పోత ఇనుమే. ఇంజిన్ రీబోర్ చేసే వర్క్‌షాపుల్లో వేడి కాస్టిక్ తొట్టెలో ముంచడం మామూలు పని. ఇనుమును కాస్టిక్ ఏమీ చేయదు. లోహం మారింది, తొట్టె మాత్రం మారలేదు. బాత్రూమ్ యాసిడ్‌తో కడగడం కూడా ఇలాంటి తప్పే. అందులో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది. అన్నట్టు, ఓవెన్ క్లీనర్లు, డ్రైనేజీ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడానే. డబ్బా మీద వేరే పేరున్నా లోపల సరుకు అదే కావచ్చు.

కంట్లో పడితే..?

పార్టు పోతే డబ్బులతో పోతుంది. కాస్టిక్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. యాసిడ్ కంటే క్షారం కంటికి ఎక్కువ ప్రమాదం. అది లోపలి పొరల్లోకి దిగుతూనే ఉంటుంది. అలా జరిగితే వెంటనే ధారగా పారే మంచినీళ్లతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా కడగాలి. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని మరీ కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. నిమ్మరసం, వెనిగర్ పోస్తే విరుగుడు అవుతుందని ఎవరైనా చెబితే అస్సలు వినొద్దు. షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు చాలామంది కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండానే ఈ పనులు చేస్తుంటారు. ఓనర్లు ముందు పట్టించుకోవాల్సింది ఇదే.

గ్యాస్ మంటతో కాల్చేస్తే?

ఇనుప మానిఫోల్డ్‌ను గ్యాస్ టార్చ్‌తో కాల్చి బొగ్గు రాల్చడం కూడా పాత పద్ధతే. ఇనుము వేడెక్కితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం అలా చెప్పదు. రంగు మారకుండానే ఉండి ఒక్కసారిగా కుంగిపోతుంది. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోత మిశ్రమాలు ఇంకా ముందే మెత్తబడతాయి. కరగకపోయినా అంత వేడికి పార్టు వంకర తిరిగి బలం కోల్పోతుంది.

పెట్రోల్‌తో కడగడం ఇంకో దురలవాటు. లోహానికి ఏమీ కాదు గానీ, మనిషికి అవుతుంది. చలికాలపు రాత్రిలో కూడా పెట్రోల్ ఆవిరి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది.

మరి సరైన పద్ధతి ఏంటి?

నిజానికి ఈ పనికి కావాల్సింది ఘాటైన మందు కాదు, ఓపిక. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. పైపులు, సాకెట్లు ఎక్కడివక్కడ ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలి. మానిఫోల్డ్ విప్పగానే హెడ్‌లో గాలి వెళ్లే రంధ్రాలు నోళ్లు తెరిచి ఉంటాయి. వాటిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్కపెట్టి ఎక్కడైనా రాసుకోవాలి! ఒక్కటి మరిచిపోయి స్టార్ట్ చేస్తే, మసి కోసం విప్పిన ఇంజిన్‌ను గుడ్డ కోసం విప్పాల్సి వస్తుంది.

తర్వాత ప్రెషర్ సెన్సర్, ఈజీఆర్ వాల్వ్, రబ్బరు రింగులు, గ్యాస్కెట్లు అన్నీ విడదీయాలి. సెన్సర్లను నానబెట్టకూడదు. మందంగా ఉన్న మడ్డిని ముందు వెదురు పుల్లతోనో, ప్లాస్టిక్ గరిటెతోనో గీకి తీసేయాలి. సగం పని ఇక్కడే అయిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే మెత్తటి అల్యూమినియం మీద గాట్లు పడతాయి. ముఖ్యంగా గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద ఇనుము తగలనివ్వకూడదు.

మిగిలిన జిడ్డుకు డీజిల్‌లోనో, కిరోసిన్‌లోనో ఒక రాత్రి నానబెట్టడం చవకైన మార్గం. ఆరుబయట, పొయ్యికి దూరంగా, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఇవి ఆయిల్‌ను కరిగిస్తాయి, ఆయిల్ పోతే మసికి పట్టు పోతుంది. పొద్దున నైలాన్ బాటిల్ బ్రష్‌తో తోమి, వేడి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రెండు మూడుసార్లు కడగాలి. షాపులో దొరికే డీగ్రీజర్ వాడాలనుకుంటే, డబ్బా మీద అల్యూమినియానికి సురక్షితం అని రాసి ఉందో లేదో చూడాలి. అప్పుడు కూడా ఒక మూల కొద్దిగా రాసి ఐదు నిమిషాలు ఆగాలి. బుడగలు వచ్చినా, రంగు మారినా వెంటనే కడిగేయాలి.

ఈజీఆర్ గ్యాస్ కలిసే చోట మాత్రం మడ్డి కాదు, కాలి గట్టిపడిన బొగ్గు ఉంటుంది. దానికి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, నాననిచ్చి, మళ్లీ గీకాలి. ఒక్కసారికి పోదు. అల్ట్రాసోనిక్ తొట్టె ఉన్న షెడ్డయితే ఈ పని తేలిక. అక్కడైనా అల్యూమినియానికి తగిన మందు వేశారా అని అడగాలి.

బ్రేక్ క్లీనర్ విషయంలో ఒక జాగ్రత్త. క్లోరిన్ ఉన్న రకంతో కడిగిన పార్టును వెంటనే వెల్డింగ్‌కు పంపకూడదు. ఆ ఆవిరి వెల్డింగ్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

పచ్చ స్క్రబ్బర్ వద్దు

గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో గానీ, డ్రిల్లుకు తగిలించే రుద్దుడు చక్రాలతో గానీ పాలిష్ పెడితే మెరుపు వస్తుంది. ఆ మెరుపు చాలా ఖరీదైనది. వాటిలో ఉండే గట్టి రాపిడి పొడి ఇంజిన్ ఆయిల్‌లో కలిస్తే బేరింగులను అరగదీస్తుంది. జనరల్ మోటార్స్ అయితే ఇలాంటి చక్రాలు వాడొద్దంటూ డీలర్లకు సర్వీస్ బులెటిన్ కూడా ఇచ్చింది. శాండ్ బ్లాస్టింగ్‌లోనూ ఇదే భయం. మానిఫోల్డ్ వంపుల్లో ఇరుక్కున్న ఇసుక రేణువు ఎప్పుడో ఒకప్పుడు సిలిండర్‌లోకి జారుతుంది. అందుకే డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్ల వాల్వులకు ఇసుక కాకుండా అక్రోట్ పెంకుల పొడి కొడతారు. అది బొగ్గును రాలుస్తుంది, లోహాన్ని గీయదు.

అసలు మానిఫోల్డ్ లోపల అద్దంలా మెరవాల్సిన పనే లేదు. బూడిద రంగు మరకలు మిగిలినా ఫర్వాలేదు. తెల్ల గుడ్డ దూర్చి తీస్తే జిడ్డు అంటకూడదు, పెచ్చులు ఊడి రాకూడదు. అంతవరకు వస్తే చాలు.

థ్రాటిల్ బాడీకి వేరే లెక్క ఉంది. చాలా వాటిలో బిళ్ల అంచున, గోడ మీద పల్చటి పూత ఉంటుంది. దాన్ని మురికి అనుకుని తోమేస్తే ఐడ్లింగ్ చెడిపోతుంది. గుడ్డ మీద క్లీనర్ కొట్టి మెత్తగా తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బిళ్లను వేలితో బలంగా నెట్టకూడదు, లోపలి గేర్లు దెబ్బతింటాయి.

తడి ఉండగా బిగిస్తే ఏమవుతుంది?

కడిగిన డీజిల్, క్లీనర్ లోపల మిగిలిపోతే అది డీజిల్ ఇంజిన్‌కు ఇంధనమే. స్పార్క్ అక్కర్లేని ఇంజిన్ కాబట్టి ఆ తడి అయ్యేదాకా దానంతట అదే రేజ్ అయిపోతుంది. తాళం తిప్పేసినా ఆగదు! గేర్ల బండి అయితే బ్రేక్ గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగే అవకాశం ఉంది. గాలి పీల్చే గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం చేయకూడదు. నడుస్తున్న డీజిల్ ఇంజిన్ ఇన్‌టేక్‌లోకి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టడం కూడా ఇందుకే ప్రమాదం. అందుకని కంప్రెషర్ గాలితో ఊది, ఎండలో పూర్తిగా ఆరాకే బిగించాలి. గాలి ఊదేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఇంటర్‌కూలర్ విప్పి చూస్తే అందులో కూడా ఆయిల్ నిలిచి ఉండొచ్చు, అదీ ఒంపేయాలి.

కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి బయటకు వరుసగా, టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకే బిగించాలి. అల్యూమినియంలో మర పోతే దాన్ని బాగుచేయడం ఇంకో ఖర్చు. కడిగిన నల్లటి డీజిల్‌ను కాలువలో పోయకుండా, పాత ఇంజిన్ ఆయిల్ కొనే అధీకృత రీసైక్లర్లకు చేరే డబ్బాలో వేరుగా పెట్టాలి.

మళ్లీ పేరుకోకుండా..

ఇంత కష్టపడ్డాక కొంతమంది ఈజీఆర్ దారికి రేకు ముక్క పెట్టి మూసేస్తున్నారు. మసి తగ్గుతుంది గానీ, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, పైగా చాలా బండ్లలో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. దాని బదులు బ్రీదర్ పైపు, టర్బో సీల్ చెక్ చేయించాలి. మానిఫోల్డ్‌లో మసి కంటే పచ్చి ఆయిలే ఎక్కువ కనిపిస్తే కడగడంతో పని పూర్తి కానట్టే. ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చాలి. సిటీలోనే తిరిగే డీజిల్ బండిని వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట ఒకే వేగంతో నడిపితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, మడ్డి చేరే వేగం తగ్గుతుంది.