నాబ్ తిప్పితే.. మాట మారుతుంది!

చెన్నై: ఘంటసాల, సుశీల గొంతులు ఎక్కువగా రికార్డయింది ఈ నగరంలోనే. కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో పుట్టిన ఆ పాటలు సరిహద్దుకు అటూ ఇటూ తెలుగిళ్లలో ఇప్పటికీ వినిపిస్తున్నాయి. అయితే ఒకే పాట ఒక సీడీలో ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. మరో సీడీలో గొంతు మీద దుప్పటి కప్పినట్టుంటుంది. పాడింది వారే, టేపూ అదే కావచ్చు. తేడా చాలాసార్లు మధ్యలో ఉన్న ఓ పెట్టెది. దాని పేరు స్టీరియో అనలాగ్ ఈక్వలైజర్. టేప్‌రికార్డర్ మీద బాస్, ట్రెబుల్ నాబ్‌లు తిప్పనివారుండరు. వాటికి ఇది పెద్దన్న.

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. అందులో ఎంచుకున్న చోట మాత్రమే శబ్దాన్ని పెంచడం, తగ్గించడం ఈక్వలైజర్ పని. 60-100 దగ్గర డోలు బరువు ఉంటుంది. 200-400 మధ్య ఎక్కువైతే అంతా ముద్ద. 2,000-4,000 దగ్గర హల్లుల పదును, 6,000-8,000 దగ్గర 'స', 'ష'ల బుస. ఆపైన తాళాల మెరుపు.

తెలుగు పాటకు ఇక్కడే ఓ చిక్కుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. గాయకులు సాగదీసేదీ అచ్చునే. దాని బలం ఎక్కువగా కింది, మధ్య స్థాయుల్లో ఉంటుంది. అక్కడ కాస్త పెంచితే గొంతుకు నిండుదనం వస్తుంది. మరీ పెంచితే హల్లులు మునిగిపోతాయి, సాహిత్యం కాస్తా హమ్మింగైపోతుంది. అప్పుడు ట్రెబుల్ పెంచడమంటే ఉప్పెక్కువైన కూరలో కారం గుమ్మరించడమే. పని తెలిసినవారు 300 ప్రాంతంలో ఒకటి రెండు డెసిబెల్స్ తీసేసి చూస్తారు. చాలాసార్లు మాట దానంతటదే పైకి తేలుతుంది.

తీగచుట్ట చేసే పని

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది? కెపాసిటర్ పై స్థాయులను సులువుగా వదులుతుంది. ఇండక్టర్, అంటే తీగచుట్ట, కింది స్థాయులను వదులుతుంది. రెండూ కలిస్తే కావలసిన చోటును పట్టుకోవచ్చు. అమెరికాలో 1951లో వచ్చిన పల్టెక్ ఇలాంటిదే. ఈ వడపోతలో శబ్దం బలహీనపడుతుంది కనుక వాల్వులతో తిరిగి పెంచారు. అందులో బాస్ పెంచే నాబ్, తగ్గించే నాబ్ వేర్వేరు. రెండూ ఒకేసారి తిప్పితే ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకోవు. అడుగున నిండుదనం మిగిలి, కాస్త పైన చిన్న పల్లం పడుతుంది.

వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు తమ వంతుగా స్వల్ప వక్రీకరణ కలుపుతాయి. 'వెచ్చదనం' అని మురిసిపోయేది దాన్నే. అమ్మేవాళ్లు చెప్పినంత మహిమ మాత్రం లేదు.

ఎడమ.. కుడి

పల్టెక్ ఒక్క చానల్‌ది. స్టీరియోకు రెండు కావాలి, అవీ కవలల్లా ఉండాలి. రెండు స్పీకర్లలోనూ సమానంగా వస్తేనే గొంతు మధ్యలో నిలబడినట్టు వినిపిస్తుంది. 3,000 దగ్గర ఎడమవైపు ఒక్క డెసిబెల్ పెరిగినా గాయకుడు అటు ఒరిగినట్టు అనిపించవచ్చు. మామూలు వాల్యూమ్ కంట్రోళ్లలో 10 నుంచి 20 శాతం తేడా సాధారణం. అందుకే మాస్టరింగ్‌కు వాడే చాలా పెట్టెల్లో టక్ టక్‌మని మెట్టుమెట్టుగా తిరిగే స్విచ్చులు పెడతారు. లోపలి రెసిస్టర్లలో తేడా 1 శాతం మించనివ్వరు. ఒకే చానల్‌తో రికార్డయిన పాత పాటను రెండు చానళ్లలోకి ఎక్కించేటప్పుడూ ఈ జాగ్రత్త తప్పదు.

అసలు ప్రమాదం మరొకటుంది. టేపు బుస పోగొట్టాలని 6,000 పైనంతా కోసేస్తే వీణ మీటిన చప్పుడులోని పదునూ దాంతోపాటే పోతుంది. అలా కోసినదాన్నే అసలు ప్రతిగా దాచి టేపు పారేస్తే, పోయినదాన్ని తెచ్చిపెట్టే నాబ్ ఏ పెట్టెలోనూ లేదు.

ఇప్పుడు ఈ పని చాలావరకు కంప్యూటర్‌లోనే జరుగుతోంది. అది ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకుంటుంది. అనలాగ్ పెట్టె ముందు కూర్చున్నవారు మాత్రం నాబ్‌ల స్థానాలు కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫొటో తీసుకోవాలి.

ఇంట్లో స్టీరియోతో సరదాగా పరీక్షించాలంటే ముందుగా నాబ్‌లన్నీ సున్నాకు తేవాలి. బాస్ పెంచాక వాల్యూమ్‌ను అంతమేర తగ్గించి మళ్లీ వినాలి. శబ్దం పెద్దదైతే చాలు, బాగుందనుకోవడం చెవికి అలవాటు.