బండి ఎక్కే ఓడ

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని పెద్దలు అంటూంటే మీరు వినే ఉంటారు. ఆ మాటెలా ఉన్నా, బళ్లు ఓడ ఎక్కడం మాత్రం నిజం. నర్సాపురం దగ్గర వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటినవారికి ఇది తెలుసు. మనుషులతోపాటు మోటారు సైకిళ్లూ కార్లూ పంటు ఎక్కి, అవతల సఖినేటిపల్లి రేవులో దిగుతాయి.

సముద్రం మీద ఇదే పని చేసే పెద్ద నౌకలను రో-రో నౌకలు అంటారు. 'రోల్ ఆన్, రోల్ ఆఫ్' అనే మాటలకు అది పొట్టి పేరు. అంటే బండి తన చక్రాల మీదే దొర్లుతూ ఎక్కి, దొర్లుతూ దిగుతుందన్నమాట. గుజరాత్‌లో ఘోఘా, హజీరా రేవులు ఖంభాత్ సింధుశాఖకు చెరో వైపున ఉన్నాయి. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళితే సుమారు 370 కిలోమీటర్లు; నీటి మీద సుమారు 90 మాత్రమే. 2020 నవంబరులో ఈ రెండు రేవుల మధ్య రో-రో నౌకా ప్రయాణం ప్రారంభమైంది.

మీరు కారుతో సహా అలాంటి నౌక ఎక్కుతున్నారనుకోండి. ముందుగా ఒక వాలు వంతెన వస్తుంది. దాన్ని పైకీ కిందికీ కదిలేలా అమర్చుతారు. ఎందుకంటే ఆటుపోట్లతో నౌక లేస్తూ దిగుతూ ఉంటుంది. ఒడ్డు మాత్రం కదలదు.

లోపల మీకు నచ్చినచోట కారు ఆపుతామంటే కుదరదు. నౌకా సిబ్బంది చూపినచోటే ఆపాలి. బరువైన లారీలను సాధారణంగా కింది అంతస్తులో నిలుపుతారు. బరువు కిందికి ఉంటే నౌక గరిమనాభి కిందికి ఉంటుంది. అల తాకి నౌక ఒక పక్కకు ఒరిగిందనుకోండి. అప్పుడు ఆ పక్క ఎక్కువ భాగం మునుగుతుంది. అక్కడ నీరు ఎక్కువగా పైకి నెట్టి, నౌకను తిరిగి నిలబెడుతుంది. గరిమనాభి మరీ పైకి పోతే ఈ బలం చాలదు. కుడి ఎడమల బరువు సరిసమానంగా పంచడం కూడా అందుకే.

ఇన్ని కార్లు ఎక్కితే నౌక ఎంత మునుగుతుంది? 100 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల పెట్టెలాంటి నౌకను ఊహించండి. ఒక్కొక్కటి టన్ను బరువుండే 100 కార్లు దానిలోకి ఎక్కాయి. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నౌక మరో 100 టన్నుల నీటిని తొలగించాలి. లెక్క కట్టి చూడండి. అది కిందికి దిగేది 7 సెంటీమీటర్ల లోపే!

మరి అంత బరువు మోసే నౌకకు ప్రమాదం ఎక్కడుంది? 1987 మార్చి 6న బెల్జియంలోని జేబ్రుగ్గె రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే రో-రో నౌక బయలుదేరింది. ముందువైపు తలుపులు మూయలేదు. ఆ సంగతి కెప్టెన్‌కు తన గదినుంచి కనిపించదు. తెలియజేసే దీపం కూడా లేదు. నౌక వేగం పుంజుకోగానే నీరు కార్ల అంతస్తులోకి దూసుకువచ్చింది. కొద్ది నిమిషాల్లోనే నౌక పక్కకు పడిపోయింది. 193 మంది మరణించారు.

నౌక ఒరిగితే నిలబెట్టే బలం ఉందన్నాం కదా! అది ఏమైంది? దీనికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. వెడల్పాటి పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి, రెండు చేతులా పట్టుకుని నడవండి. పళ్లెం కాస్త వంగితే చాలు, నీరంతా ఆ పక్కకే పరుగెత్తి దాన్ని ఇంకా వంచుతుంది. ఇప్పుడు అవే నీళ్లు నాలుగు గ్లాసుల్లో పోసి, అదే పళ్లెంలో పెట్టి నడవండి. ఎంత తేలికో చూశారా! నీటికి పరుగెత్తే చోటు లేదు. మామూలు నౌకలకు అడ్డుగోడలు కట్టేది ఇందుకే. కాని బళ్లు తిరగాలంటే కార్ల అంతస్తు అడ్డులేని హాలులా ఉండాలి. దాని సౌకర్యమే దాని బలహీనత.

ఆ ప్రమాదం తరువాత, తలుపులు మూసిందీ లేనిదీ కెప్టెన్‌కు చూపే దీపాలుండాలని అంతర్జాతీయ నిబంధనలు వచ్చాయి.

కనుక మీరు ఎప్పుడైనా ఇలాంటి నౌక ఎక్కితే చెప్పినట్లు చేయండి. ఇంజను ఆపించండి; మూసిన చోట ఆ పొగ విషం. చేతి బ్రేకు వేయించండి. జారిన ఒక్క లారీ చాలు, నౌక తూకం చెడడానికి. కార్ల అంతస్తు వదిలి పైకి రండి. సముద్రం అక్కడినుంచే బాగా కనిపిస్తుంది కూడా!